గంట మోగిన కార్డులు

ఓర్విన్ నగర ఆరోగ్య శాఖ మేడగదిలోని యంత్రాలకు మనుషులకు వచ్చినట్టే జబ్బులు వచ్చేవి. జీతాలిచ్చే శనివారం నాడు మాత్రం వాటిలో ఒక్కదానికీ ఒంట్లో బాగాలేకపోవడం ఎవరూ చూసి ఎరగరు. మంగళవారమో బుధవారమో, మధ్యాహ్నం రొట్టె తిని కళ్ళు బరువెక్కే వేళకు ఏదో ఒకదాని గొంతు పూడుకుపోయేది. సూపర్‌వైజరు క్రాబ్‌ట్రీ దాని చుట్టూ ప్రదక్షిణ చేసి, పక్కన ఒక తన్ను తన్ని, ఊరవతల ఉండే మెకానిక్ లిండ్‌క్విస్ట్‌కు కబురు పంపేవాడు. అతడు ట్రాము దిగి, బూట్ల మంచు దులుపుకుని, మెట్లెక్కి వచ్చేదాకా ఆ వరుసలో వాళ్ళంతా గడ్డకట్టిన సరస్సు కేసి చూస్తూ కాళ్ళు చాపుకునేవారు.

ఆ జబ్బుకు మూలం అక్కడి ముసలి గుమాస్తా కార్నీలియస్ మల్కాహీ కోటు జేబులో ఉండేది. కంట్లో మందు వేసుకునే చిన్న గాజు గొట్టం అది. ముసలాయనవి డేగ కళ్ళు, వాటికి మందుతో పనేముంది? ఆ గొట్టంతో యంత్రంలోని పాదరసం రవ్వంత పీల్చి, పక్కనున్న ఉమ్మితొట్టిలోకి వదిలేవాడు. యంత్రం మంచమెక్కేది.

యంత్రం సంగతి చెప్పుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఊళ్ళో ఎవరు చచ్చిపోయినా ఒక అట్టకార్డు పుడుతుంది. దాని మీద పేరుండదు. ఆడా మగా, ఎంత వయసు, ఏ దేశంలో పుట్టారు, ఏ వార్డు, ఏ రోగం - ఒక్కోదానికి ఒక్కోచోట చిల్లు. కార్డును పళ్ళెంలో పెట్టి పిడి కిందికి లాగితే దువ్వెన పళ్ళలాంటి సూదులు దిగుతాయి. అట్ట అడ్డొచ్చిన సూది ఆగిపోతుంది. చిల్లు దొరికిన సూది అందులో దూరి, కింద కందిగింజంత గిన్నెలో ఉన్న పాదరసంలో మునుగుతుంది. మునిగిందా, కరెంటు పారి, ఎదురుగా గడియారాల్లా బిగించిన వాటిలో ఆ చిల్లు తాలూకు ముల్లు ఒక గీత జరుగుతుంది. ఇవిగాక ప్రతి కార్డుకూ మూల మీద ఒక చిల్లు తప్పనిసరి. అది గంట చిల్లు. గంట మోగితే కార్డు లెక్కలో పడ్డట్టే. అందుకే పనిచేసేవాళ్ళు ముళ్ళ వైపు తలెత్తేవారు కాదు. చెయ్యి పిడి మీద, చెవి గంట మీద. ముళ్ళను సాయంత్రం క్రాబ్‌ట్రీ చదివి రాసుకుని, మళ్ళీ సున్నాకు తిప్పి వెళ్ళేవాడు.

మల్కాహీ ఎప్పుడూ గంట గిన్నెలోనే గొట్టం పెట్టేవాడు. అది ఆ గదిలో కట్టుబాటు. గంట మూగబోతే అందరికీ తెలుస్తుంది, పని ఆగుతుంది, లెక్క మాత్రం చెడదు. మిగతా గిన్నెల జోలికి వెళ్ళడం ద్రోహం కిందే లెక్క. పాదరసం ఇలా పారబోస్తే పాపం కాదా అని కొత్తగా చేరినవాళ్ళెవరైనా అడిగితే ముసలాయన తన మేనమామ మేక కథ ఎత్తుకునేవాడు. ఐర్లండులో ఆ మేక ఒకనాడు సీసాడు పాదరసం తాగేసిందట. అప్పట్నించీ ఎండ కాస్తే కప్పెక్కేది, చలి పెడితే మంచం కింద దూరేది. చుట్టుపక్కల ఊళ్ళ రైతులు దాన్ని చూసుకునే కోతలు మొదలుపెట్టేవారట. చివరికి ఏమైందని అడిగితే, ఒక ఏడు వేసవి మరీ ముదిరి అది మబ్బులు దాటిపోయిందనీ, చర్చి ఫాదరు కూడా చూశాడనీ చెప్పేవాడు.

ఈ కథ పుట్టినప్పుడు అందరికంటే ముందు నవ్విన మనిషి ఒటీలియా ష్రాం. ఇప్పుడా గదిలో నవ్వనిదల్లా ఆవిడ ఒక్కతే.

పోయిన వేసవిలో ఆవిడ అక్క వాల్‌బుర్గా చచ్చిపోయింది. నాలుగో వార్డులో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ ఉంది. అక్కడ పుల్లల కొసలను తెల్ల భాస్వరం ముద్దలో ముంచే గదిలో వాల్‌బుర్గా పెళ్ళి కాకముందు నుంచీ పనిచేసింది. ఆ భాస్వరం పొగకు మొదట ఒక పన్ను కదిలింది. తరువాత చిగుళ్ళకు చీము పట్టింది. ఆపైన ఎముక కుళ్ళి, ఆసుపత్రిలో కింది దవడ తీసేశారు. మిగిలిన ముఖానికి శాలువా చుట్టుకుని, చిమ్నీ పక్కన కూర్చుని, చెంచాతో పోసిన బార్లీ గంజి సగం మింగి సగం కార్చుకుని వెళ్ళిపోయింది. ఆ కంపుకు పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకునేవారు. ఫ్యాక్టరీ డాక్టరు వచ్చి చావు కాగితం మీద క్షయ అని రాశాడు.

ఒటీలియా ఆ కాగితం పట్టుకుని పై అధికారి డాక్టర్ పెన్నిమన్ దగ్గరికి వెళ్ళింది. ఆయన మంచివాడు. శవాన్ని స్వయంగా చూసి కాగితం దిద్దాడు. అంతటితో ఆగక, ఇకనుంచి దవడ కుళ్ళుకు కార్డు మీద వేరే చిల్లు ఉండాలని, ఏడాది మొదటి నుంచీ అనుమానంగా ఉన్న చావులన్నీ తిరగదోడి చూడాలని హుకుం వేశాడు. అంతవరకు ఆ రోగానికి కార్డులో చోటే లేదు. మార్చి నెలలో కౌన్సిల్ ముందు ఏడాది లెక్క చదువుతానని, అంకె గట్టిగా ఉంటే ఆ ముంచుడు గది మూయించే తీర్మానం తానే పెడతానని మాటిచ్చాడు.

ఒటీలియాకు కావలసింది ఆ అంకె. ఎందుకంటే ఆవిడకు ఒక చెల్లెలు కూడా ఉంది. కోర్డులా అదే ఫ్యాక్టరీలో పెట్టెలు సర్దే గదిలో ఉంది. ముంచుడు గదికి వస్తే జీతం పెంచుతానని ఫోర్‌మన్ ఆశ పెడుతున్నాడు. అక్కాచెల్లెళ్ళకు రోజూ బంగాళాదుంపల కుండ దగ్గర అదే రభస.

"వాలీ అక్కవి ముందునించీ పుచ్చు పళ్ళే. ముంచుడు గదిలో పాతికేళ్ళబట్టీ చేస్తున్నవాళ్ళున్నారు. వాళ్ళకేం అయింది?" అంది కోర్డులా.

"అయినవాళ్ళు గదిలో ఎందుకుంటారే, సమాధుల్లో ఉంటారు గాని."

"నువ్వు చెబితే నేను నమ్మనక్కా. నీకు వాళ్ళంటే కడుపుమంట. ఫోర్‌మన్ చెప్పినా నమ్మను, వాడికి పుల్లలు కావాలి. నీ మిషనుందిగా, దానికి అక్కా లేదు, ఫ్యాక్టరీ లేదు. అది చెప్పనీ. ఉందంటే నేను ఫ్యాక్టరీయే మానేస్తా, లేదంటే నువ్వు నోరు మూసుకోవాలి."

ఒటీలియా వెంటనే చేతిలో చెయ్యి వేసింది. నాలుగో వార్డులో ముఖాలకు శాలువాలు చుట్టి పాతిపెట్టినవాళ్ళను ఆవిడ ఎందరిని చూడలేదు? మిషను నోరు తెరిస్తే చాలు.

ఫిబ్రవరిలో ఒకరోజు వాన పడుతూ పడుతూనే గడ్డకట్టి వీధులన్నీ గాజయ్యాయి. ఆ పొద్దున కోర్డులా చెంప పట్టుకుని లేచింది. కింది పన్ను లాగేస్తోందట. వాల్‌బుర్గాకూ మొదలైంది పన్నుతోనే. దంతవైద్యుడు మధ్యాహ్నం రమ్మన్నాడు. పోయిన ఏడాది కార్డులన్నీ లాగే ఆ లెక్కల రోజుల్లో క్రాబ్‌ట్రీ సెలవివ్వడు, తల్లి చచ్చినా సాయంత్రం పాతిపెట్టుకోమనే రకం. ఆవిడ మల్కాహీ దగ్గరికి వెళ్ళి, ఎన్నడూ అడగనిది అడిగింది. నా యంత్రానికి కాస్త జబ్బు చెయ్యాలి అంది.

ముసలాయన కళ్ళు మెరిశాయి. "ఇన్నాళ్ళకి దారికొచ్చావ్ తల్లీ. ఏ జబ్బు కావాలి? జలుబా, సన్నిపాతమా?"

"నవ్వులాట కాదు పెద్దాయనా. చెల్లికి పన్ను నొప్పి."

ఆయన క్రాబ్‌ట్రీ అటు తిరగ్గానే గొట్టం తీశాడు. ఒటీలియా యంత్రం గంట మూగబోయింది. ఆవిడ శాలువా కప్పుకుని వెనక మెట్ల మీదుగా దిగిపోయింది.

దంతవైద్యుడు కోర్డులా నోట్లో అద్దం పెట్టి, ఇనుప పుల్లతో ఎముకను తట్టి తట్టి చూశాడు. మామూలు పుచ్చేనన్నాడు. ఎముక రాయిలా ఉందన్నాడు. ఊడబెరికిన పన్ను చేతిలో పెట్టాడు. బయటికొచ్చాక అక్కాచెల్లెళ్ళు ఒకరినొకరు పట్టుకుని జారుతూ, పడుతూ, నవ్వుతూ ఆ గాజు వీధిలో నడిచారు. కోర్డులా బుగ్గ నిండా దూది పెట్టుకుని ఏదో అంటే ఒటీలియాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, దానికీ నవ్వింది. వాల్‌బుర్గా పోయాక ఆవిడ అంతగా నవ్వడం అదే మొదలు.

ఆఫీసుకు తిరిగి వచ్చేసరికి దీపాలు పెట్టారు. క్రాబ్‌ట్రీ ముళ్ళు చదువుకుని అప్పుడే వెళ్ళిపోయాడు. మల్కాహీ ఆవిడ కుర్చీలోనే కూర్చుని ఉన్నాడు. నీ పని వెనకబడకుండా నాలుగో వార్డు కార్డులన్నీ నీ యంత్రం మీద నేనే లాగేశాను, ఒక్క గంట కూడా తప్పలేదు అన్నాడు, పెళ్ళి పెద్దలా ఛాతీ విరుచుకుని. ఒటీలియా ఆ ముసలి చేతిని రెండు చేతులా పట్టుకుంది. మర్నాడు ట్రాములు మళ్ళీ నడిచాయి. లిండ్‌క్విస్ట్ వచ్చి, ఎప్పట్లాగే అన్ని యంత్రాల్లో అన్ని గిన్నెలూ నింపి పోయాడు.

మార్చిలో కౌన్సిల్ హాలు పై వసారాలో ఒటీలియా ముందు వరుసలో కూర్చుంది. కింద డాక్టర్ పెన్నిమన్ లెక్క చదివాడు. మొదట టైఫాయిడ్ అంకె వచ్చింది. హాలంతా గుసగుస. ఊరి మురికి కలిసే చోటనే తాగే నీళ్ళు తోడుతున్నారని ఆయన ఏళ్ళుగా మొత్తుకుంటున్నాడు, విన్నవాడు లేడు. ఇప్పుడు యంత్రం చెప్పేసరికి సరస్సు లోపలికంటా కొత్త గొట్టం వేయాలని చేతులన్నీ లేచాయి. అప్పటికి డాక్టరు ముఖం వెలిగిపోతోంది. ఆ వెలుగుతోనే కింది వరుసకు వచ్చాడు. దవడ కుళ్ళు, నగరమంతటికీ రెండు. నాలుగో వార్డులో ఒక్కటీ లేదు. చదివాక ఆయనే ఒక క్షణం కాగితం మీద నుంచి తలెత్తలేదు.

ఫ్యాక్టరీ లాయరు లేచి యంత్రాన్ని పొగిడాడు. దానికి పక్షపాతం లేదన్నాడు, కన్నీళ్ళు లేవన్నాడు, ఆడవాళ్ళ పుకార్లు వినదన్నాడు. తీర్మానం సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఒటీలియా తిన్నగా మేడగదికి పరుగెత్తింది. అంకె వినగానే మల్కాహీ నసుగుతూ నసుగుతూ చెప్పాడు.

"ఆ రోజు ట్రాముల్లేవుగా తల్లీ. లిండ్‌క్విస్ట్ రాలేడు. నీ గంట మోగితేగాని క్రాబ్‌ట్రీ నీ కుర్చీ దగ్గర్నించి కదిలేలా లేడు. రెండుసార్లు అడిగాడు, కడుపునొప్పితో కింద ఉందని చెప్పాను. పాదరసం ఎక్కణ్ణించి తేను? పొద్దుట్నించీ గీత కదలని ముల్లొకటి కనబడింది. కార్డులు అప్పటిదాకా కొండ మీది వార్డువి. దొరల పేట. ఎలాగూ పనిలేని గిన్నే కదా అని, అందులోది తీసి గంట గిన్నెలో పోశాను."

"ఏ గిన్నె?"

"పేరు చూళ్ళేదు. కిటికీ వైపు, చివర్ది."

అది దవడ కుళ్ళు గిన్నె అని ఆవిడకు చెప్పనక్కర్లేదు. కొండ మీద దొరల పేటలో భాస్వరం ముంచేవాళ్ళెవరుంటారు, ఆ ముల్లు కదలడానికి? తరువాత నాలుగో వార్డు కార్డులు వచ్చాయి. కార్డు కార్డుకూ సూది ఆ చిల్లులో దూరింది, ఎండిపోయిన గిన్నెలో దిగింది, ఊరికే లేచింది. గంట మాత్రం గణగణా మోగింది, కిటికీ చివరి గిన్నెలోని పాదరసంతో.

ఇద్దరూ నాలుగో వార్డు పెట్టె దించి, ఒక్కో కార్డు కిటికీ వెలుతురుకు ఎత్తి చూశారు. దవడ చిల్లున్నవి ఇరవై ఒకటి తేలాయి. అందులో ఒకటి ఆడమనిషిది, జర్మనీలో పుట్టింది, ముప్పయ్యారేళ్ళు, జూలై. ఒటీలియా దాన్ని కట్టలో పెట్టకుండా కాసేపు చేతిలో ఉంచుకుంది.

ఆ కట్ట పట్టుకుని ఆవిడ డాక్టరు గదికి వెళ్ళింది. గొట్టం సంగతి, పన్ను సంగతి, గంట సంగతి, ఏదీ దాచలేదు. తప్పు నాది, నన్ను తీసెయ్యండి, ఈ అంకె మాత్రం చదవండి అంది. పెన్నిమన్ కార్డులు తనూ ఎత్తి చూశాడు. చివరిది చూసేసరికి ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"మీరు చెప్పింది నిజం. నేను నమ్ముతున్నాను," అన్నాడు.

"అయితే కౌన్సిల్‌కి చెప్పండి."

"ఏమని చెప్పను మిస్ ష్రాం? మా గుమాస్తాలు కునుకు తీయడానికి యంత్రం నెత్తురు తోడేస్తారని చెప్పనా? ఆ లాయరు వెంటనే ఏమడుగుతాడో తెలుసా? ఒక గిన్నె ఖాళీ అయితే తతిమ్మావి ఖాళీ కాలేదని రుజువేదీ అంటాడు. టైఫాయిడ్ గిన్నె సంగతేమిటంటాడు. ఇవాళ ఒప్పుకున్న నీళ్ళ గొట్టం రేపు రద్దవుతుంది. దాని కోసం పదకొండేళ్ళు తిరిగాను. ఏడాదికి ఎంతమంది పిల్లలు పోతున్నారో మీ చేత్తోనే లాగారు కదా."

"ఆ పిల్లల కార్డులు సరిగ్గానే ఉన్నాయండి. కిటికీ దగ్గర పెట్టి చూపించవచ్చు. ఇవి చూపించినట్టే."

"చూపిస్తే చూసేవాడెవడు? మనుషులు లెక్కపెట్టిందాన్ని నమ్మరనే కదా యంత్రం తెచ్చాను." ఆయన గొంతు తగ్గింది. "వచ్చే ఏడు జాగ్రత్తగా లెక్కిద్దాం. నేనే దగ్గరుండి చూస్తాను. వచ్చే ఏడు తప్పించుకోలేరు వాళ్ళు."

"వచ్చే ఏడు లెక్కకి వచ్చే ఏడు చచ్చేవాళ్ళు కావాలి కదండీ."

పెన్నిమన్ కట్టకు రబ్బరు చుట్టి, సొరుగులో పెట్టి తాళం వేశాడు. ఆవిడ ఉద్యోగం తీసెయ్యలేదు. మల్కాహీనీ తీసెయ్యలేదు. తీసేస్తే ఎందుకని అడుగుతారు కదా. ముసలాయన ఆ సాయంత్రమే గొట్టాన్ని బూటు మడమ కింద వేసి నలిపాడు. తరువాత ఎవరు ఎంత బతిమాలినా మేక కథ చెప్పలేదు. యంత్రాలు మునుపెన్నడూ లేనంత ఆరోగ్యంగా, వారమంతా ఆగకుండా పనిచేశాయి. క్రాబ్‌ట్రీ అదంతా తన క్రమశిక్షణేనని పైవాళ్ళకు చెప్పుకున్నాడు.

ఒటీలియా ఇల్లు చేరేసరికి కోర్డులాకు కబురు ముందే తెలిసింది. తెలియకేం? కౌన్సిల్లో చదివిన వరుసను ఫ్యాక్టరీవాళ్ళు అప్పటికప్పుడు పెద్దక్షరాలతో అచ్చు వేయించి గేటుకు అంటించారు. ఫోర్‌మన్ ఒక్కొక్కరినీ నిలబెట్టి చదివించాడట. అక్క చెప్పిందంతా చెల్లెలు కూర్చుని వింది. గొట్టం గురించి, గిన్నె గురించి, సొరుగు గురించి. మధ్యలో లేచి కుండలో నీళ్ళు పోసి వచ్చి మళ్ళీ వింది.

"అంటే మిషను అబద్ధం చెప్పిందంటావ్."

"మేం చెప్పించాం. నేనే చెప్పించాను. నీ పన్ను కోసం వచ్చాను కదే ఆ రోజు."

"నా మీద పెట్టకు అక్కా." కోర్డులా గొంతులో కోపం లేదు, జాలి ఉంది. అదే ఒటీలియాకు ఎక్కువ గుచ్చుకుంది. "ఇన్నాళ్ళూ ఏమన్నావ్? మనుషులు అబద్ధాలు చెబుతారు, మిషను చెప్పదన్నావ్. చేతిలో చెయ్యి వేశావ్. ఇప్పుడది నీకు నచ్చిన మాట చెప్పకపోయేసరికి నువ్వూ ఒక ముసలాడూ కూర్చుని కథ అల్లుకొచ్చారు. ఆయన మేక కథ నువ్వే చెప్పావుగా నాకు."

"డాక్టరుగారిని అడుగు."

"ఆయన చెబుతాడా?"

చెప్పడని ఇద్దరికీ తెలుసు.

"సోమవారం నించి ముంచుడు గదిలో చేరుతున్నా," అంది కోర్డులా. "దంతాల డాక్టరు కూడా ఎముక రాయిలా ఉందన్నాడు. నువ్వే విన్నావ్."

సోమవారం చేరింది. కొత్త జీతంతో అక్కకు ఉన్ని చేతితొడుగులు కొనిచ్చింది. ఒటీలియా తొడుక్కుంది. ఇంట్లో మళ్ళీ ఆ మాట ఎత్తనని ఒప్పుకుంది, ఎత్తలేదు. ఒక్కటి మాత్రం విడవలేదు. రోజూ చెల్లెలు పని నుంచి రాగానే, శాలువా తీయకముందే, కిటికీ దగ్గరికి లాక్కెళ్ళి నోరు తెరవమనేది. కోర్డులా విసుక్కునేది. గుర్రాల సంతలో బేరగాడిలా ఏంటే అక్కా అనేది. విసుక్కుంటూనే తెరిచేది. ఒటీలియా వేలుతో ఒక్కో పన్నూ కదిపి చూసి, చిగుళ్ళు నొక్కి చూసి, సరే పో అనేది. వేసవి వెళ్ళింది. సరస్సు మళ్ళీ గడ్డకట్టింది. కొత్త ఏడాది కార్డులకు మేడగదిలో కొత్త పెట్టెలు తెచ్చి పెట్టారు.

జనవరిలో ఒక సాయంత్రం కోర్డులా వచ్చి, తిన్నగా వంట దగ్గరికి వెళ్ళి, వీపు తిప్పుకుని బంగాళాదుంపల తొక్క తీయడం మొదలుపెట్టింది. ఒటీలియా పిలిచింది. ఈ రోజుకి వదిలెయ్యి అంది చెల్లెలు. ఒటీలియా దగ్గరికి వెళ్ళి భుజం పట్టుకుని తనవైపు తిప్పుకుంది. కోర్డులా పెదాలు బిగించుకుని, అక్క కళ్ళలోకి చూస్తూ నిలబడింది. నోరు తెరవలేదు.